కుక్కపిల్లను వెనక నుంచి చూడండి

కుక్కపిల్ల నడకలో ఏదో తేడా ఉందని ఇంట్లో ఎవరైనా అంటే, మా కోనసీమలో వెంటనే వచ్చే జవాబు ఒకటుంది: "ఎదిగే పిల్ల కదా, అదే సర్దుకుంటుందిలే." ఇలా అనేవాళ్లు కుక్కంటే గిట్టనివాళ్లు కారు. దాన్ని ఒళ్లో పెట్టుకుని పెంచేవాళ్లే, తమ కంచంలోంచి ముద్ద తీసి పెట్టేవాళ్లే అంటారు. అయినా ఆ మాటతో నాకు గట్టి పేచీ ఉంది. దాన్ని నమ్మి ఊరుకున్న నెలలు ఆ కుక్క జీవితంలో మళ్లీ రావు. ఎముక వైద్యానికి లొంగేది ఆ నెలల్లోనే.

మా ఇంట్లో ఉన్నది లాబ్రడార్ జాతి ఆడపిల్ల, పేరు చుక్క. దానికి నాలుగో నెల నడుస్తుండగా అంబాజీపేట దగ్గర కాలువ గట్టు మీద విడిచిపెట్టేవాళ్లం. నడిచినంతసేపూ బాగానే ఉండేది. పరుగు అందుకోగానే వెనక కాళ్లు రెండూ ఒకేసారి లేచి ఒకేసారి పడేవి. కుందేలులా గెంతుతోందని చూసినవాళ్లందరూ ముచ్చటపడ్డారు. మా పెద్దనాన్న మాత్రం నవ్వలేదు. ఆయన వయసంతా ఎద్దులతో, పాడి గేదెలతో గడిచింది. గట్టు మీద గొంతుకూర్చుని, "దాన్ని నా దగ్గర నుంచి అటు నడిపించమ్మా. ముందు నుంచి చూస్తే మొహమే కనిపిస్తుంది, వెనక నుంచి చూడాలి" అన్నారు. అటూ ఇటూ నడిపించాను. "వెనక కాళ్లు మరీ దగ్గర దగ్గరగా వేస్తోంది. నడుము ఊగుతోంది. ఎద్దయితే నేను కొనను" అన్నారు.

కాకినాడ తీసుకెళ్లి ఎక్స్‌రే తీయించాం. తుంటి కీళ్లు రెండూ వదులుగా ఉన్నాయని తేలింది.

అప్పటి నుంచి నా మనసులో ఒక ప్రశ్న ఉండిపోయింది. సంతలో ఎద్దును కొనేవాడు పళ్లు చూస్తాడు, గిట్టలు చూస్తాడు, ఆ తర్వాత నడిపించి చూస్తాడు. గిట్ట ఎక్కడ పడుతోంది, వెనక కాలు ఈడుస్తోందా, మలుపులో తడబడుతోందా అని చూడకుండా డబ్బు తీయడు. సంక్రాంతి పందేల కోసం కోడిని పెంచేవాళ్లు దాని అడుగులో వెంట్రుకవాసి తేడానైనా పట్టేస్తారు. ఆ పందేలు నాకు ఎంతమాత్రం ఇష్టం లేదు, కానీ ఆ కంటిని కాదనలేను. ఇంత కన్ను ఉన్న ప్రాంతంలో కుక్కపిల్లను మాత్రం రంగు చూసి, చెవులు చూసి, మొహం చూసి ఎందుకు తెచ్చుకుంటున్నాం? తెచ్చుకున్నాక అది ఎలా నడుస్తోందో ఎందుకు చూడడం లేదు?

కుక్క నడకను మొదట చదవాల్సింది ఇంటివాళ్లే, డాక్టరు కాదు. డాక్టరును తక్కువ చేసి ఈ మాట అనడం లేదు. ఆసుపత్రిలో కుక్క తన అసలు నడక నడవదు. కొత్త వాసనలు, పక్కన మరో కుక్క, ఏదో జరగబోతోందన్న భయం, వీటన్నిటి మధ్య అది నొప్పిని దాచేస్తుంది. ఇంటి దగ్గర కుంటిన పిల్ల అక్కడ చక్కగా నడుస్తుంది. బల్ల మీద నిలబెట్టి చూసే డాక్టరుకు కీలు చేతికి తెలుస్తుంది, కానీ తెల్లవారి నిద్ర లేచినప్పుడు వేసిన మొదటి అడుగులు ఆయన చూడలేరు. అవి మనకే కనిపిస్తాయి.

ఎలా చూడాలో కొంచెం వివరంగా చెబుతాను. మామూలు నడకలో కుక్కకు ఎప్పుడూ రెండు మూడు కాళ్లు నేల మీదే ఉంటాయి కాబట్టి నొప్పి ఉన్న కాలి బరువును మిగతావి పంచుకుంటాయి, తేడా దాగిపోతుంది. మెల్లటి పరుగులో అలా కుదరదు. అప్పుడు ముందు కుడి కాలూ వెనక ఎడమ కాలూ ఒక జతగా, మిగతా రెండూ ఇంకో జతగా పడతాయి. పశువైద్యులు కుంటును వెతికేది ఎక్కువగా ఈ పరుగులోనే. గొలుసు వదులుగా పట్టుకుని ఒకరు కుక్కను తిన్నగా తీసుకెళ్లాలి. ఇంకొకరు వెనక నుంచి, ముందు నుంచి, పక్క నుంచి చూడాలి. గట్టి నేల మీదే చూడాలి, ఇసుకలో అడుగు తేడా తెలియదు.

కుక్క బరువులో దాదాపు 60 శాతం ముందు కాళ్ల మీద ఉంటుంది. అందుకే ముందు కాలి నొప్పిని తల పట్టిస్తుంది. నొప్పి కాలు నేలను తాకినప్పుడు తల పైకి లేస్తుంది, బాగున్న కాలు పడినప్పుడు కిందికి దిగుతుంది. చాలామంది దీన్ని తిరగేసి చదివి బాగున్న కాలికి కట్టు కడతారు. వెనక కాలి నొప్పి నడుములో తెలుస్తుంది. నొప్పి ఉన్న వైపు తుంటి ఎక్కువగా లేస్తుంది. గోళ్లు కూడా చూడండి. ఒక కాలి గోళ్లు మిగతావాటి కన్నా ఎక్కువ అరిగాయంటే ఆ కాలు నేలను రాసుకుంటూ వస్తోందన్నమాట.

అన్నిటికన్నా మోసం చేసేది రెండు వైపులా సమానంగా ఉన్న నొప్పి. అప్పుడు కుంటే ఉండదు. ఏ కాలి మీద వాలాలో తెలియక కుక్క అడుగులు చిన్నవి చేసుకుంటుంది, నడుము ఊపుతుంది, రెండు కాళ్లనూ కలిపి గెంతుతుంది. మెట్ల దగ్గర ఆగి మన మొహం చూస్తుంది. అందరూ ముచ్చటపడే ఆ కుందేలు గెంతు చాలాసార్లు ఇదే. ఆడుకుంటూ అప్పుడప్పుడు అలా గెంతడం ఏ పిల్లకైనా మామూలే. పరుగెత్తిన ప్రతిసారీ అలాగే గెంతితే మాత్రం మామూలు కాదు.

పరుగెత్తే గుర్రానికి నాలుగు కాళ్లూ ఒకేసారి గాలిలో ఉంటాయా లేదా అన్నది మనిషి కన్ను తనంతట తాను తేల్చుకోలేకపోయింది. 1878లో అమెరికాలో ఎడ్వర్డ్ మైబ్రిడ్జ్ వరుసగా కెమెరాలు పెట్టి ఫోటోలు తీశాక గాని వాదన ముగియలేదు. ఈ రోజు మామూలు ఫోనులో కూడా స్లో మోషన్ ఉంది. ఫోనును కుక్క నడుము ఎత్తుకు దించి, పక్క నుంచి ఒకసారి, వెనక నుంచి ఒకసారి తీయండి. పొద్దున్న లేవగానే ఒకటి, బాగా ఆడాక ఒకటి. డాక్టరుకు మీరు ఇచ్చే సాక్ష్యాల్లో ఇంతకు మించింది లేదు.

అంతకన్నా ముందు పాదం తిప్పి చూడాలి. పల్లేరు కాయ, తుమ్మ ముల్లు, చేను గట్టున పగిలిన నత్త గుల్ల, వేళ్ల సందుల్లో పట్టుకున్న గోమారి, వీటిలో ఏదైనా ఉంటే కథ అక్కడితో అయిపోవచ్చు. గోమార్ల విషయంలో మాత్రం పూర్తిగా అయిపోదు. అవి తెచ్చే ఎర్లీకియా జ్వరంలో కీళ్లు వాచి కుక్క ఈ రోజు ఒక కాలు, రేపు ఇంకో కాలు కుంటుతుంది. మా తడి వాతావరణంలో గోమార్లకు కొదవ ఉండదు కాబట్టి జ్వరం, తిండి మానడం, చిగుళ్లు పాలిపోవడం తోడైతే రక్తపరీక్ష చేయించాలి.

పొమేరియన్, పగ్ లాంటి చిన్న జాతుల్లో ఇంకో రకం కనిపిస్తుంది. నడుస్తూ నడుస్తూ వెనక కాలొకటి ఎత్తి రెండు మూడు అడుగులు గెంతి, కాలు ఒకసారి విదిలించి ఏమీ జరగనట్టు నడిచిపోతుంది. అది మోకాటి చిప్ప పక్కకు జారి మళ్లీ చోటుకు రావడం. పెద్ద జాతుల్లో ముందు కాలయితే మోచేయి, భుజం అనుమానించాలి. వెనక కాలయితే మొదటి అనుమానం తుంటి మీదే. నడక తూలుతూ ఉంటే, కాలో దవడో లయగా అదురుతుంటే అది కీలు కాకపోవచ్చు, డిస్టెంపర్ అనే వైరస్ జబ్బు నరాలకు ఎక్కి ఉండవచ్చు. టీకా వేయని పిల్ల వెనక కాళ్లు పడిపోతూ, చొంగ కారుస్తూ, దవడ వేలాడేస్తే దాని నోట్లో చేయి పెట్టకండి. ఎముక ఇరుక్కుందేమోనని వెతకకండి. రేబిస్‌లో పక్షవాతం రకం ఇలాగే ఉంటుంది. దూరంగా ఉండి డాక్టరును పిలవాలి. చేయి అప్పటికే తగిలి ఉంటే సబ్బుతో 15 నిమిషాలు కడిగి వెంటనే మనుషుల ఆసుపత్రికి వెళ్లాలి.

ఇప్పుడు "సర్దుకుంటుందిలే" దగ్గరికి వస్తాను. ఆ మాట పూర్తిగా అబద్ధమయితే ఎవరూ నమ్మేవారు కారు. అందులో నిజం కొంత ఉంది. జర్మన్ షెపర్డ్ పిల్లల్లో ఎక్కువగా, మిగతా పెద్ద జాతుల్లో కొంతగా, 5 నుంచి 12 నెలల వయసులో పానోస్టైటిస్ అనే ఎముక నొప్పి వస్తుంది. ఒక కాలి నుంచి ఇంకో కాలికి మారుతూ కొన్ని వారాలో నెలలో ఉండి నిజంగానే తగ్గిపోతుంది. అలా తగ్గిన కుక్క ఊళ్లో ఒకటి ఉంటే చాలు, మిగతా కుక్కలన్నిటికీ అదే సాక్ష్యమవుతుంది.

తుంటి సంగతి వేరు. ఈ జబ్బును హిప్ డిస్‌ప్లాసియా అంటారు. పిల్ల పుట్టినప్పుడు తుంటి మామూలుగానే ఉంటుంది. ఎదిగే కొద్దీ గిన్నెలాంటి గుంటలో తొడ ఎముక పైనున్న బంతి బిగుతుగా కూర్చోక జారుతూ ఉంటుంది. ఆ ఒరిపిడికి గుంట అంచు అరిగి లోతు తగ్గుతుంది. వంశం నుంచి వచ్చే లక్షణమే అయినా తిండీ, బరువూ, తిరిగే నేలా దాన్ని పెంచడమో తగ్గించడమో చేస్తాయి. పిల్లకు 4 నుంచి 12 నెలల మధ్య ఆ వదులు వల్లే నొప్పి పుడుతుంది. ఆ తర్వాత కీలు చుట్టూ ఉన్న పొర మందమై గట్టిపడుతుంది. వదులు కొంత తగ్గుతుంది, దానితో పాటే నొప్పీ, కుంటూ తగ్గుతాయి. ఏడాది దాటిన కుక్క హాయిగా తిరుగుతుంటే ఇంటిల్లిపాదీ "చూశావా, సర్దుకుంది" అంటారు. సర్దుకున్నది కుంటు. కీలు సర్దుకోలేదు. లోపల మృదులాస్థి అరుగుతూనే ఉంటుంది. ఆరేళ్లకో ఏడేళ్లకో కుక్క లేవలేక లేవలేక లేస్తుంటే "ముసలిదైపోయింది పాపం" అంటారు. చిన్నప్పటి గెంతుకూ ఈ లేవలేకపోవడానికీ సంబంధం ఉందని అప్పటికి ఎవరికీ గుర్తుండదు. సర్దుకుంటుందన్న నమ్మకం ఊళ్లో తరతరాలు నిలబడింది నడుమ వచ్చే ఈ ఊరట వల్లేనని నా నమ్మకం.

ఎదురుచూసిన ఆ నెలల్లో ఏం పోతుందో కూడా తెలియాలి. తుంటి వదులును కొలిచే పెన్‌హిప్ అనే ప్రత్యేకమైన ఎక్స్‌రే పద్ధతి 16 వారాల వయసు నుంచే పనికొస్తుంది. తుంటి ఎముకల ఎదుగుదలను మళ్లించి గుంట బంతిని బాగా కప్పేలా చేసే చిన్న శస్త్రచికిత్స ఒకటుంది, కానీ అది దాదాపు 5 నెలల లోపే జరగాలి. ఎముకను కోసి గుంటను తిప్పే పెద్ద శస్త్రచికిత్స కూడా ఉంది, దానికి 10 నెలలు దాటకూడదు, కీలు అరిగి ఉండకూడదు. ఆ వయసు దాటితే మిగిలేవి నొప్పిని అదుపులో పెట్టడం, బంతి ఎముకను తీసేయడం, లేదా కృత్రిమ కీలు. ఈ శస్త్రచికిత్సలు మన జిల్లా కేంద్రాల్లో అడిగిన వెంటనే దొరికేవి కావు. గన్నవరం ఎన్టీఆర్ పశువైద్య కళాశాల లాంటి చోటికో పెద్ద నగరానికో పంపమని మీ డాక్టరును అడగాల్సి రావచ్చు. అందుకే మరీ తొందరగా బయలుదేరాలి.

"కుక్కకు ఇంత ఖర్చా?" అనే ప్రశ్న నేను చాలాసార్లు విన్నాను. అడిగేవాళ్లను తప్పుపట్టను. కౌలుకు చేసుకునే ఇంట్లో ఎక్స్‌రే ఖర్చు చిన్నదేమీ కాదు. అయితే ముందే తెలిసినందువల్ల చేయగలిగిన వాటిలో చాలా వాటికి ఖర్చే ఉండదు. కొన్నిటి వల్ల డబ్బు మిగులుతుంది కూడా.

తిండి చూడండి. మా వైపు కుక్కపిల్ల బొద్దుగా ఉంటేనే ఇంటికి పరువు. అమెరికాలో 48 లాబ్రడార్ పిల్లలను జతలుగా చేసి, జతలో ఒకదానికి రెండోదాని కన్నా 25 శాతం తక్కువ తిండి పెడుతూ జీవితాంతం గమనించారు. 2002లో వెలువడిన ఫలితాల ప్రకారం తక్కువ తిన్నవాటి మధ్యస్థ ఆయుష్షు 13 ఏళ్లు, ఎక్కువ తిన్నవాటిది 11.2 ఏళ్లు. తుంటి కీళ్లు కూడా సన్నగా పెరిగినవాటిలోనే ఎక్కువ కాలం బాగున్నాయి. పక్కటెముకలు చేతికి తగలాలి, పై నుంచి చూస్తే నడుము కనిపించాలి. చుక్కను చూసి "తిండి పెట్టడం లేదా?" అని చుట్టాలు అడిగినప్పుడల్లా మా ఇంట్లో చెప్పే సమాధానం ఇదే.

కాల్షియం సీసా గురించి ఇంకా గట్టిగా చెప్పాలి. కాళ్లలో తేడా అనగానే చేతికి వచ్చేది అదే. ఆరు నెలల లోపు పిల్లకు తిండిలో వచ్చిన అదనపు కాల్షియంను లోపలికి రానీయకుండా ఆపుకునే శక్తి సరిగా ఉండదు. 1980లలో నెదర్లాండ్స్‌లో గ్రేట్ డేన్ పిల్లలకు ఎక్కువ కాల్షియం పెట్టి చూస్తే ఎముకలు గట్టిపడకపోగా ఎదుగుదలే వంకరపోయింది. కుక్కపిల్లల కోసం తయారైన తిండి పెడుతూ పైన సీసా పోయడం అదే పని చేయడం. అలాగని ఉత్తి అన్నం, లేదా ఎముక లేని ఉత్తి కోడిమాంసం పెట్టి పెంచినా చేటే. వాటిలో భాస్వరం ఎక్కువ, కాల్షియం చాలా తక్కువ. లోటు పూడ్చుకోవడానికి ఒళ్లు సొంత ఎముకల్లోంచే కాల్షియం లాగుతుంది, కాళ్లు వంగిపోతాయి. వీధి కుక్కపిల్లల్లో దొడ్డికాళ్లు కనిపించడానికి ఇదీ ఒక కారణం. మన పిల్లకు లోటు ఉందో ఎక్కువైందో ఏం తింటోందో విని డాక్టరు చెప్పాలి గాని మందుల దుకాణంలో తేలే విషయం కాదది.

నేల సంగతి తలచుకుంటే నాకు బాధేస్తుంది. 2012లో నార్వే పశువైద్యులు నాలుగు పెద్ద జాతుల పిల్లలను గమనించి రాశారు: మూడు నెలల లోపు రోజూ మెట్లు ఎక్కిదిగిన పిల్లల్లో తుంటి జబ్బు ఎక్కువగా వచ్చింది, మెత్తగా, కాస్త ఎగుడుదిగుడుగా ఉన్న నేల మీద స్వేచ్ఛగా తిరిగిన పిల్లల్లో తక్కువగా వచ్చింది. మెత్తటి ఎగుడుదిగుడు నేల! మా కొబ్బరి తోటలు అచ్చం అవే కదా. ఇసుక కలిసిన నేల, చెట్టు చెట్టుకూ పాదు, మధ్యలో గడ్డి. అంత మంచి నేల గుమ్మం ముందే పెట్టుకుని పిల్లను నున్నటి టైల్స్ మీద పెంచుతున్నాం. కాళ్లు నాలుగూ నాలుగు వైపులకు జారుతుంటే వీడియో తీసి నవ్వుకుంటున్నాం. డాబా మీద కాపలాకని మెట్లు ఎక్కిస్తున్నాం. మిగతా సమయమంతా గొలుసుతో కట్టేసి సాయంత్రం ఒక్కసారిగా బంతి విసురుతున్నాం. జారే చోట గోనెపట్టా పరవడానికి ఖర్చేముంది? మెట్లకు అడ్డం పెట్టి, రోజుకు కొన్నిసార్లు తోటలో తిప్పితే సరిపోతుంది.

కీలు మీద బరువు పడకుండా కండ పెంచే పని ఈత చేస్తుంది. మాకు కాలువలున్నాయి. ధవళేశ్వరం ఆనకట్ట నుంచి వచ్చే నీరు ఇంటి వెనకే పారుతుంది. ఏటవాలుగా దిగే రేవు ఉన్నచోట, ప్రవాహం నెమ్మదిగా ఉన్నప్పుడు, పొడవాటి తాడు కట్టి చుక్కను దించుతాం. సిమెంటు గోడలున్న చోట దించకూడదు, ఎక్కే దారి దొరక్క కుక్క మునిగిపోతుంది. వేసవిలో కాలువలు కట్టేశాక నడకతోనే సరిపెడతాం.

మందుబిళ్లల విషయంలో మాత్రం బతిమాలుతున్నాను. మనుషులకు వాడే ఐబుప్రొఫెన్, డైక్లోఫినాక్ కుక్కకు వేయకండి. కడుపులో పుళ్లు పడి రక్తం పోతుంది, మూత్రపిండాలు దెబ్బతింటాయి. పారాసిటమాల్ కాలేయాన్ని పాడుచేస్తుంది. డైక్లోఫినాక్ ఎంతటిదో మన దేశం చూసింది. ఆ మందు ఎక్కించిన పశువుల కళేబరాలు తిని రాబందులు మూత్రపిండాలు చెడి కుప్పలుగా చచ్చిపోయాయి, 2006లో పశువైద్యంలో దాన్ని నిషేధించాల్సి వచ్చింది. కుక్కల కోసమే తయారైన నొప్పి మందులు ఉన్నాయి, బరువును బట్టి డాక్టరు రాస్తారు. ఇంకో మాట, వీడియో తీయకముందే నొప్పి మందు వేస్తే నడకలోని తేడా కూడా మాయమై, డాక్టరుకు చూపించడానికి ఏమీ మిగలదు.

రొయ్యల చెరువుల కాపలాకని భీమవరం వైపూ, అమలాపురం వైపూ పెద్ద జాతి పిల్లలను ఇప్పుడు ఎక్కువగా కొంటున్నారు. కొనేవాళ్లకు నా మనవి ఇది. 2017 నాటి కేంద్ర నిబంధనల ప్రకారం కుక్కల పెంపకందారు రాష్ట్ర జంతు సంక్షేమ మండలిలో నమోదు చేసుకోవాలి, 8 వారాలు నిండని పిల్లను అమ్మకూడదు. నమోదు కాగితం అడగండి. తల్లినీ తండ్రినీ చూపించమనండి, వాటి తుంటి ఎక్స్‌రేలు ఉన్నాయా అని అడగండి. లేవంటే కనీసం తల్లిని గట్టి నేల మీద కొంత దూరం పరుగెత్తించమనండి. మీరు వెనక నిలబడి చూడండి. తల్లిని చూపించడానికి ఒప్పుకోని చోట పిల్లను కొనకండి.